ఒక్క కార్న్ స్నేక్ కోసం ఇంట్లో ఎలుకలు పెంచాలా?

మీ దగ్గర ఉన్నది పెరిగిన కార్న్ స్నేక్ అనే పెంపుడు పాము ఒకటి. బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఫ్లాట్. మేత కోసం ప్రతిసారీ ట్రాఫిక్‌లో తిరగలేక తెల్ల చిట్టెలుకల్ని ఇంట్లోనే పెంచుదామనుకుంటున్నారు, వాసన వస్తుందా అని అడుగుతున్నారు. కె.ఆర్. పురంలో కొన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. వస్తుందండీ. అయినా దాన్ని అదుపులో పెట్టొచ్చు. ఎలుకల్ని పెంచడం ఎవరికైనా వస్తుంది, ఆపడమే రాదు.

లెక్క చూడండి. ఎలుక చూలు మోసేది 19 నుంచి 21 రోజులు. ఈతకి ఆరు నుంచి పన్నెండు పిల్లలు. మూడు వారాలకు పాలు మానతాయి, ఆరు వారాలకల్లా అవే జత కట్టే వయసుకి వచ్చేస్తాయి. పైగా తల్లి ఈనిన ఇరవై నాలుగు గంటల్లోపే మళ్లీ చూలు కట్టగలదు. మగదాన్ని అదే డబ్బాలో ఉంచారా, మొదటి పిల్లలు పాలు మానేసరికి రెండో ఈత దిగిపోతుంది. మీ పాము తినేదెంత? పెద్ద కార్న్ స్నేక్‌కి పది రోజులకో పెద్ద చిట్టెలుక చాలు, అంటే ఏడాదికి ముప్పై ఆరో ముప్పై ఏడో. రెండు ఆడ ఎలుకలు రెండేసి ఈతలు ఈనితే దాదాపు అన్నీ వచ్చేస్తాయి. ఏడాది పొడవునా పెంచితే మిగిలినవాటిని ఏం చేస్తారు?

అందుకే నా పద్ధతి ఇది. ఒక మగ, రెండు ఆడ. ఆడవాటి పొట్టలు గుండ్రంగా కనబడగానే మగదాన్ని వేరే డబ్బాలోకి మారుస్తాను. నాలుగు వారాలు నిండేలోపే పిల్లల్లో మగవీ ఆడవీ విడదీస్తాను. ఇక్కడ బద్ధకిస్తే అన్నాచెల్లెళ్లే జత కడతాయి. కావలసిన సైజుకి వచ్చాక చంపి ఫ్రీజర్ నింపి, మళ్లీ అవసరమయ్యేదాకా జత కట్టనివ్వను.

వాసన ఎక్కువగా మగదాని మూత్రానిదే. ఆడవి మాత్రమే ఉన్న డబ్బా దగ్గర ముక్కు పెడితే తప్ప తెలియదు. డబ్బా మొత్తం కడిగేసి కొత్త ఊక పోస్తే మగది తన వాసన పోయిందని ఇంకా ఎక్కువ మూత్రం పోస్తుంది. తడిసిన మూల తీసేసి, పాతది కాస్త ఉంచి కొత్తది కలపండి. గూడు మాత్రం కదపొద్దు. ఈనిన మొదటి కొన్ని రోజులు చెయ్యి పెట్టి గెలికితే కొన్ని తల్లులు పిల్లల్ని తినేస్తాయి. నీళ్లు అందకపోయినా అంతే. స్టీలు గొట్టం ఉన్న సీసా వాడండి, గిన్నెలో పోస్తే ఊక తడిసి పిల్లలు చస్తాయి. మూతకి వేసే స్టీలు జాలీ కన్ను పావు అంగుళం మించకూడదు, బుడ్డ ఎలుక దూరిపోతుంది. మేతకి గోధుమ, రాగి, నానబెట్టిన శనగలు ఇస్తే సరిపోతుందనుకుంటారు. పాలిచ్చే తల్లికి మాంసకృత్తులు ఇంకా కావాలి, ల్యాబ్ ఎలుకల పెల్లెట్లు దొరికితే అవే మేలు.

వాతావరణం విషయంలో మనది అదృష్టమే. ఇరవై నుంచి ఇరవై ఆరు డిగ్రీలు వీటికి హాయి. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు మాత్రం బాల్కనీలో పెట్టొద్దు. ఇదే ప్రశ్న చెన్నై నుంచి అడిగి ఉంటే ఏసీ గది ఉందా అని ముందే అడిగేవాణ్ణి.

ఇక ఎవరూ మాట్లాడని సంగతి, చంపడం. బతికున్న పెద్ద ఎలుకని పాము ముందు వదలకండి. ఆకలి లేని పాముని కొరికి, ఒక్కోసారి కళ్లు కూడా పోగొడుతుంది. బతికుండగానే ఫ్రీజర్‌లో పెట్టడం మరీ క్రూరం. పెద్దవాటికి కార్బన్ డయాక్సైడ్ వాడతారు, కానీ అప్పుడే పుట్టిన ఎర్రపిల్లల మీద అది చాలా ఆలస్యంగా పనిచేస్తుంది. పాముల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గర కూర్చుని చేత్తో ఎలా చేయాలో చూసి నేర్చుకోండి. చూశాక మీ వల్ల కాదనిపిస్తే పెంపకం మొదలుపెట్టకండి. మా ఓనర్ ఆంటీకైతే పాము మీద ఏ అభ్యంతరమూ లేదు, వినాయకుడి వాహనాన్ని చంపుతానని తెలిశాక నెలరోజులు పలకలేదు!

ఫ్రీజర్ వేరుగా ఉండాలి, కూరలూ ఐస్‌క్రీమూ పెట్టేది పనికిరాదు. 2010లో అమెరికాలో పాముల మేతకి అమ్మిన ఫ్రోజెన్ ఎలుకల వల్ల మనుషులకి సాల్మొనెల్లా అనే విరేచనాలు తెచ్చే బాక్టీరియా సోకింది. ఇచ్చే ముందు రాత్రి ఫ్రిజ్‌లో దింపి, పొద్దున కవర్‌లోనే ఉంచి వేడినీళ్లలో వెచ్చబెట్టండి. మైక్రోవేవ్ వద్దు, లోపల ఉడికి పొట్ట పగులుతుంది. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డ కట్టించొద్దు. బోనులో పడ్డ ఇంటి ఎలుకని ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. అది పక్కింట్లో మందు తిని వచ్చి ఉంటే పాముకీ ఆ విషమే ఎక్కుతుంది, ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం భయం మీకు.

నా సలహా అడిగితే, ఒక్క పాముకి పెంపకం దండగ. ఫ్లాట్‌లో ఫ్రీజర్‌కి చోటుంటే పాములున్న మరో ఇద్దర్ని కలుపుకుని ఒకేసారి ఫ్రోజెన్ ఎలుకలు తెప్పించుకోండి. మూడు నాలుగు పాములు ఉన్నవాళ్లకే ఈ డబ్బాల గొడవ గిట్టుబాటు.

ఇంకోటి. కార్న్ స్నేక్ అమెరికా పాము కాబట్టి సరే, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువ అయితే సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది, 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. దానికి, పెద్దదయ్యాక, చిట్టెలుకలు ఆనవు కూడా, పెద్ద జాతి తెల్ల ఎలుకలు కావాలి. వాటి పెంపకం తీరు వేరు, కావాలంటే అడగండి, విడిగా రాస్తాను.