టెక్సస్‌లో ఇల్లు అద్దెకిచ్చారా? ఖాళీ చేసేటప్పుడు చూసుకోవాల్సినవి

ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు రెండో ఇల్లు కొనుక్కుని మొదటిది అద్దెకిచ్చే మనవాళ్ళు చాలామందే. అద్దెకు దిగేదీ తరచుగా మనవాళ్ళే. తెలిసినవాళ్ళే కదా అని లీజు చదవరు. తీరా ఖాళీ చేసే రోజున కాగితమే అడుగుతారు. ఇక్కడ చెప్పేది టెక్సస్ సంగతి; న్యూజెర్సీలో అయితే గడువు అయిపోయిందని మామూలుగా ఖాళీ చేయించడమే కుదరదు.

ముందు లీజులో నోటీసు పేరా చూడండి. చాలా ఫారాల్లో ఎవరూ నోటీసు ఇవ్వకపోతే గడువు దాటాక లీజు నెలనెలకీ దానంతటదే సాగుతుంది. అలా సాగేదాన్ని ఆపాలంటే, లీజులో వేరే మాట లేకపోతే, కనీసం ఒక నెల ముందు చెప్పాలి. ఫోన్లో చెప్పి ఊరుకోకండి, రాసి పంపండి.

"అన్నా, చివరి నెల అద్దె డిపాజిట్‌లో పట్టుకో" అంటారు. ఒప్పుకోకండి. అలా అద్దె ఆపే హక్కు టెనెంట్‌కి చట్టంలో లేదు. పైగా ఇల్లు పాడై ఉంటే మీ చేతిలో ఏమీ మిగలదు.

తాళాలు ఇచ్చే రోజు ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరగండి. వీడియో తీయండి: ఓవెన్ లోపల, స్టవ్ పైనున్న హుడ్ అడుగున, ఏసీ ఫిల్టర్, కార్పెట్ మూలలు. గరాజ్ రిమోట్లు, మెయిల్ బాక్స్ తాళాలు లెక్కపెట్టండి. దిగినప్పటి ఫొటోలు లేకపోతే ఏ కోతనైనా సమర్థించుకోవడం కష్టమే.

అసలు చిక్కు డిపాజిట్‌ది. ఇల్లు అప్పగించిన 30 రోజుల్లోపు డబ్బైనా, కోతల వివరంతో మిగిలిందైనా పంపాలి. కొత్త అడ్రసు మాత్రం వాళ్ళు రాతపూర్వకంగా ఇవ్వాలి, తాళాలు తీసుకునేటప్పుడే రాయించుకోండి. 30వ రోజుకల్లా పోస్ట్‌మార్క్ (పోస్టాఫీసు తేదీ ముద్ర) పడితే చాలు. సర్టిఫైడ్ మెయిల్ అయితే రుజువుంటుంది. గడువు దాటితే దురుద్దేశమనే కోర్టు అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది మీరే. నిరూపించలేకపోతే అన్యాయంగా పట్టుకున్న సొమ్ముకు మూడింతలు, పైన 100 డాలర్లు, వాళ్ళ లాయరు ఖర్చు. 600 పట్టుకుంటే 1,900, ఆపైన లాయరు.

వాడకంతో సహజంగా వచ్చే అరుగుదలకి పైసా కోయకూడదు. దేవుడి పటం మేకు రంధ్రం, వెలిసిన పెయింటు, నడిచినచోట నలిగిన కార్పెట్ ఆ లెక్కలోవే. కౌంటర్ రాయిలో ఇంకిపోయిన పసుపు మరక, హుడ్ ఫిల్టర్‌లో గడ్డకట్టిన పోపు జిడ్డు మాత్రం అడగొచ్చు. వయసు చూసి అడగండి. పదేళ్ళు మన్నే కార్పెట్ ఆరేళ్ళకి కాలిపోతే, మార్చడానికి 2,000 అయినా నిలబడే కోత 800. పాతదానికి కొత్త ధర వేస్తే జడ్జి దగ్గర నిలబడదు.

ఖాళీ చేయకపోతే తాళం మార్చకండి, కరెంటు తీయించకండి, సామాను బయట పెట్టకండి. లీజులో వేరే గడువు లేకపోతే కనీసం 3 రోజుల నోటీసు, ఆ తర్వాత జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టు (ఇలాంటి కేసులు చూసే స్థానిక చిన్న కోర్టు). దగ్గరదారి లేదు.

కొత్తవాళ్ళు దిగితే 7 రోజుల్లోపు మీ ఖర్చుతో తాళాలు రీకీ చేయించాలి (పాత తాళంచెవి పట్టకుండా మార్పించాలి), కోడ్ లాక్ అయితే కోడ్ మార్చాలి. కరెంటు మాత్రం పాతవాళ్ళ కనెక్షన్ ఆగే రోజు నుంచే మీ పేరున పెట్టించండి. చలికాలంలో హీటర్ ఆగిన ఖాళీ ఇంట్లో ఒక్క రాత్రికే పైపు పగలొచ్చు.