కొబ్బరి తోటల మధ్య ఇంటికి నెట్: నేనైతే వైరే వేయించుకోమంటాను

"మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంట్లో నుంచే ఉద్యోగం చేయాలి. ఫైబర్ లైన్ వేయించుకోవాలా, డాబా మీద పెట్టి టవర్ నుంచి సిగ్నల్ పట్టే 5జీ బాక్స్ సరిపోతుందా?" అని అడిగారు. మాది అంబాజీపేట పక్క ఊరు. రెండూ వాడాను, రెండింటికీ డబ్బు కట్టాను. మన కోనసీమలో ఫైబర్ వైరేనండి, ఇంకో మాట లేదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు చెప్పే లెక్కలు మనకు పనికిరావు. అక్కడ ఇంటికీ టవర్‌కీ మధ్య గోడలుంటాయి, మనకి కొబ్బరి చెట్లుంటాయి. గోడ ఎప్పుడూ ఒకలాగే ఉంటుంది. చెట్టు కొత్త ఆకు వేస్తుంది, గాలికి ఊగుతుంది, వానకి తడుస్తుంది.

మా డాబా మీద 2024 వేసవిలో బాక్స్ పెట్టారు. గంటలో పని అయిపోయింది, స్తంభం ఎక్కే పని లేదు, తోటలో వైరు లాగే పని లేదు. మొదటి రెండు నెలలూ బాగానే నడిచింది. ఆ శ్రావణంలో మా అన్నయ్య కూతురికి తాంబూలాలు పెట్టుకున్నాం. అన్నయ్య కువైట్‌లో ఉంటాడు, సెలవు దొరకలేదు. డ్యూటీ మధ్యలో గంట పర్మిషన్ తీసుకుని వీడియో కాల్‌లో కూర్చున్నాడు. ఫోన్ స్టాండుకి పెట్టి మండువాలో పెద్దవాళ్ల ఎదురుగా ఉంచాను. పంతులుగారు లగ్నపత్రిక చదవడం మొదలుపెట్టేసరికి వాన అందుకుంది. అన్నయ్య ముఖం ఒక్కసారిగా గడ్డకట్టినట్టు ఆగిపోయింది. మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తోంది. "ఒరేయ్, తాంబూలాలు మార్చుకున్నారా? అమ్మాయిని ఒకసారి చూపించరా." వదిన నా వైపు చూస్తోంది. నేను మొబైల్ డేటాకి మార్చి, ఫోన్ పట్టుకుని వీధి అరుగు మీదికి పరిగెత్తి, మళ్లీ లోపలికి వచ్చేసరికి పళ్లేలు చేతులు మారిపోయాయి. అమ్మాయి బట్టలు పెట్టించుకుని పెద్దల కాళ్లకి దణ్ణం పెడుతోంది. లైన్ కలిశాక వాడు ఏమీ అనలేదు. "సరేలేరా, ఫోటోలు పంపు" అన్నాడంతే. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కంపెనీకి ఫోన్ చేస్తే బాక్స్ ఆపి ఆన్ చేయమన్నారు. ఎన్నిసార్లు చేసినా అదే మాట. అసలు సంగతి మా ఊళ్లో కొబ్బరి దింపు తీసే కుర్రాడు చెప్పాడు. పక్కవాళ్ల తోటలో చెట్టెక్కి, "మీ డబ్బాకీ ఆ టవర్‌కీ మధ్యన సరిగ్గా ఈ రెండు చెట్లే ఉన్నాయండి" అన్నాడు. దింపుతోపాటు కింది మట్టలు కూడా నరికాడు. నాలుగు రోజులు నెట్ బ్రహ్మాండంగా వచ్చింది. అప్పుడు చదివి తెలుసుకున్నాను. మన దేశంలో 5జీ ఎక్కువగా నడిచేది 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో తరంగాల మీద. ఆ తరంగాలకి వాన చినుకు పెద్ద అడ్డు కాదు, నీళ్లు పట్టిన ఆకు గుబురు అడ్డు. అంటే జూన్ నుంచి నవంబర్ దాకా మనకి ఇదే గొడవ. పక్కవాళ్లని చెట్టు కొట్టేయమని అడగలేం కదా! కాపు కాసే చెట్టుని నెట్ కోసం కొట్టమనే మాట మన నోట రాకూడదు.

అందుకే ఫైబర్ వైరు వేయించాను. వైరుకీ కష్టాలున్నాయి, దాచను. మా ఇల్లు రోడ్డు స్తంభానికి దూరం. కేబుల్ కుర్రాళ్లు మధ్యలో కొబ్బరి చెట్లకి ప్లాస్టిక్ తాడుతో కట్టేసి వెళ్లిపోయారు. ఈ పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పండిన మట్ట ఒకటి ఊడి పడితే చాలు, వైరు తెగుతుంది. రెండుసార్లు తెగాక నేనే ఇనుప గొట్టాలు పాతించి వాటి మీదుగా లాగించాను. ఖర్చయినా ఆ తర్వాత మట్టల బెడద లేదు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మాత్రం మా వీధి వైర్లన్నీ నేలమీదే. కానీ అప్పుడు కరెంటూ లేదు, కాసేపటికి టవర్ కూడా ఆగిపోయింది. తెగిన వైరు కంటికి కనిపిస్తుంది, అతుకు వేస్తారు, పని అయిపోతుంది. సిగ్నల్ ఎందుకు పోయిందో ఎవరు చెబుతారు?

పిడుగుల భయం ఉంటే వదిలేయండి. పాత రాగి తీగ టెలిఫోన్ లైన్ల రోజుల్లో ఉరిమితే లైన్‌కి తగిలించిన నెట్ డబ్బా (మోడెమ్) కాలిపోయేది. ఫైబర్‌లో పోయేది వెలుతురు, గాజు పోగులో కరెంటు పారదు. ప్లగ్గు వైపు నుంచి వచ్చే పిడుగు మాత్రం ఇంట్లో ఉండే ఫైబర్ వైఫై బాక్స్‌ని కాలుస్తుంది, ఉరుములప్పుడు ప్లగ్గు పీకేయండి.

ఇంకో మాట. ఇంట్లోకి వైరు వచ్చాక అందరూ వైఫై మీదే వదిలేస్తారు. మాది పాత మండువా ఇల్లు, గోడలు అడుగున్నర మందం. వసారాలో వైఫై బాక్స్ పెడితే నేను పనిచేసే వెనక గదికి సిగ్నల్ అందేది కాదు. కొందరు ఇంకో బాక్స్ కొనిపిస్తారు. నేను బాక్స్ నుంచి కంప్యూటర్‌కి నేరుగా వేసే లాన్ కేబుల్ ఇరవై మీటర్లు తెచ్చి దూలం పక్కగా లాగి కంప్యూటర్‌కి గుచ్చాను. ఆఫీసు మీటింగుల్లో టెన్షన్ పోయింది. ఈ బాక్సులు చాలావరకు 12 వోల్టులవే, కరెంటు పోయినప్పుడు నిలబెట్టడానికి బ్యాటరీ ఉండే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ రీఛార్జ్ చేసి ఉంచుకోండి, తుపాను రోజులకి.

ఇంత చెప్పినా డాబా మీద బాక్సే పెట్టించుకుంటానంటే, ముందు డాబా ఎక్కి టవర్ వైపు చూడండి. మధ్యలో చెట్లుంటే ట్రయల్ అడగండి. దింపు అయిన మర్నాడు వద్దు. దింపుకి ముందు వారంలో, వాన పడుతుండగా, మీ ఊరంతా ఫోన్లు పట్టుకునే రాత్రి ఎనిమిదింటికి చూడండి.