మూలకణాల పిండ నమూనాతో సంతానం కలుగుతుందా?

ప్రశ్న: నా వయసు 33 ఏళ్లు. రెండుసార్లు గర్భం వచ్చినా మూడో నెల నిండకముందే పోయింది. అండం, వీర్యకణం లేకుండా మూలకణాలతోనే పిండాన్ని తయారుచేశారని చదివాను. ఆ చికిత్స మాకు అందుతుందా?

జవాబు: మీరు చదివిన వార్త నిజమే. అయితే అక్కడ మూలకణాల నుంచి, అంటే రకరకాల కణాలుగా మారగల కణాల నుంచి, తయారైనది పిండం కాదు, పిండాన్ని పోలిన నమూనా మాత్రమే. మూలకణ పరిశోధనకు సంబంధించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇటువంటి నమూనాలను గర్భాశయంలో ప్రవేశపెట్టడానికి అనుమతించవు కాబట్టి, దీనివల్ల సంతానం కలుగుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. ఎవరైనా అలా చేస్తామని చెప్పి డబ్బు అడిగితే అది మోసమే.

అయినా మీ సమస్యకూ ఈ పరిశోధనకూ సంబంధం ఉంది. ఫలదీకరణం జరిగిన ఆరు నుంచి పది రోజుల మధ్య పిండం గర్భాశయపు లోపలి పొరకు అంటుకుంటుంది. అప్పటికి ఇంకా నెలసరి తప్పి ఉండదు, స్కానింగ్‌లో ఏమీ కనిపించదు. పరిశోధనకు దొరికే అసలు పిండాలు తక్కువ కావడమే గాక, చాలా దేశాల్లో వాటిని ప్రయోగశాలలో 14 రోజులకు మించి పెంచకూడదు. అందువల్ల 2021లో మానవ మూలకణాలతో రూపొందించిన బ్లాస్టాయిడ్లు, అంటే ఐదారు రోజుల పిండాన్ని పోలిన కణాల ముద్దలు, పరిశోధకులకు ఎంతో విలువైనవి. గర్భాశయపు పొర నుంచి తీసిన కణాలను ఆర్గనాయిడ్లుగా, అంటే ఆ పొరను పోలిన చిన్న కణజాలపు ముద్దలుగా పెంచి, వాటితో ఏర్పరచిన పొరపై బ్లాస్టాయిడ్లను ఉంచినప్పుడు, హార్మోన్లతో సిద్ధం చేసిన కణాలకు అవి అంటుకున్నాయి, సిద్ధం చేయని వాటికి అంటుకోలేదు. పిండం ఎంత బాగున్నా, పొర సిద్ధంగా లేకపోతే గర్భం నిలవదని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్న మాటను ఇలా ప్రయోగశాల పాత్రలో పరీక్షించి చూడగలగడం చిన్న విషయం కాదు. అయితే ఆ పాత్రలో తల్లి రక్తప్రసరణ ఉండదు, పూర్తిస్థాయి రోగనిరోధక వ్యవస్థ ఉండదు. అందులో కనిపించినదల్లా శరీరంలోనూ జరుగుతుందని అనుకోకూడదు.

ఇక మీ విషయానికి వస్తే, తొలి నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగానికి కారణం పిండంలోని క్రోమోజోమ్ లోపం. అందులో తల్లి చేసిన పొరపాటేమీ ఉండదు. రెండుసార్లు గర్భం పోయింది గనుక ఇప్పుడే పరీక్షలు మొదలుపెట్టడం మంచిది. యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (రక్తం గడ్డకట్టే ధోరణిని పెంచేవి), థైరాయిడ్, గర్భాశయ ఆకృతి తెలిపే త్రీడీ స్కానింగ్, అవసరమైతే దంపతులిద్దరి క్రోమోజోమ్ పరీక్ష గురించి మీ గైనకాలజిస్టుతో మాట్లాడండి. యాంటీబాడీలు ఉన్నట్లు తేలితే 12 వారాల తర్వాత మళ్లీ పరీక్షించి నిర్ధారించుకోవాలి. ఆ స్థితిలో గర్భిణికి రక్తం గడ్డకట్టకుండా చూసే తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. వాటిని సొంతంగా మాత్రం మొదలుపెట్టకండి.