పాస్టరయ్య జవాబు: పక్క చేన్ల పందులు పడితే

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా సంఘంలో తబలా వాయించే తమ్ముడొకడు ఉన్నాడు. ఐపీఎల్ మొదలైనకాడి నుంచి ఫోన్ల బెట్టింగులకు దిగిండు. భార్య పుస్తెలతాడు కుదువ పెట్టిండని తెలిసింది. చెప్తామంటే మా ఇంటామె "మనకెందుకు, తీర్పు తీర్చకుడి అని వాక్యం ఉంది గద" అంటది. చెప్పకుంటే నాకు నిద్ర పడ్తలేదు. ఏం చేయాలె?
– ఒక సోదరుడు, దేవరకొండ

జవాబు: నిద్ర పట్టడం లేదన్నారు చూడండి, ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

మాది అచ్చంపేట దిక్కు పల్లె. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో మా నాయిన రాత్రంతా మంచె మీదే ఉండేవాడు. పక్కన నెగడు, చేతిలో ఖాళీ నూనె డబ్బా, ఒక కట్టె. కోడి కూసే ముందు కునుకు ముంచుకొస్తే దిగి, కుండలో నీళ్లు మొహాన కొట్టుకొని మళ్లీ ఎక్కేవాడు. పక్క చేన్లో గరగర వినపడితే చాలు, డబ్బా వాయించి, "ఓ మల్లన్నా, నీ చేన్ల పందులు పడ్డయే!" అని కేకేసేవాడు. కంచె ఎందుకు సరిగ్గా వేసుకోలేదని అడగడం నేనెన్నడూ వినలేదు.

బైబిల్లో యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 33వ అధ్యాయంలో కావలివాని పని అదే. ఖడ్గం రావడం చూసి బాకా ఊదకపోతే, చచ్చినవాని రక్తానికి కావలివాడే ఉత్తరవాది. ఊదినా వినకపోతే ఆ దోషం విననివానిది. కాబట్టి ఆ తమ్ముడు మారతాడా లేదా అన్న బరువు మీ నెత్తిన లేదు. చెప్పడం మాత్రం ఉంది.

కానీ 3వ అధ్యాయం 15 నుంచి 17 వచనాలు కూడా చదవండి. యెహెజ్కేలు కెబారు నది దగ్గర తేలాబీబులో చెరపట్టబడినవాళ్ల మధ్యకు పోయి ఏడు దినాలు వాళ్లతో కూర్చున్నాడు. ఆ ఏడు దినాలు అయినాకే "నిన్ను కావలివానిగా నియమించాను" అనే మాట వచ్చింది. ముందు కూర్చోవడం, తర్వాత బాకా. మనం చాలామందిమి కూర్చోకుండానే ఊదేస్తాం.

మీ ఇంటామె చెప్పిన వాక్యం మత్తయి 7లో ఉంది. దాన్ని 5వ వచనం దాకా చదివి వినిపించండి. ముందు నీ కంటిలోని దూలం తీసుకో, అప్పుడు సహోదరుని కంటిలో నలుసు తీయడానికి తేటగా కనబడుతుంది అన్నాడు ప్రభువు. నలుసును వదిలేయమనలేదు.

నా సంగతి ఒకటి చెప్పాలి. వెనుక నేను పనిచేసిన సంఘంలో ఒక పెద్ద, పత్తి ఏరబోయే అక్కల దగ్గర చిట్టీల పైసలు తీసుకుంటున్నాడు. తిరిగి ఇస్తలేడని నాకు తెలుసు. ప్రార్థన మందిరానికి రేకులు వేయించింది ఆయనే. ఆ మొహమాటానికి నోరు మూసుకున్నాను. ఒక రాత్రి ఇంటికి తాళం వేసి పోయాడు. ఒక అక్క ఆదివారం మందిరంలోకి రాకుండా గడప దగ్గరే నిలబడి, "నీకు ఎర్కనే గదయ్యా?" అన్నది. ఔననడానికి కూడా నాకు నోరు రాలేదు.

అందుకే చెబుతున్నాను, పోండి. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురిలో కాదు. పాస్టరుగారికి చెప్పి చేతులు దులుపుకోవడమూ కాదు, అది తర్వాతి మెట్టు. మత్తయి 18:15 "నీవును అతడును ఒంటరిగా" అంటుంది. మ్యాచ్ లేని పూట చూసి, వాళ్లింట్లో చాయ్ తాగి, నెమ్మదిగా అడగండి, "ఎంత బాకీ అయింది తమ్మీ?" అని. కోప్పడితే లేచి రండి, వారానికి మళ్లీ పోండి. పౌలు ఎఫెసులో మూడేండ్లు రాత్రింబగళ్లు కన్నీళ్లతో బుద్ధి చెప్పాడు, ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు. లెక్క చెబితే ఆ కుదువ కొట్టుకు మీరూ వెంట పోండి. పైసలు మాత్రం అతని చేతికి ఇవ్వకండి.

పోయే ముందు మీ ఫోన్ కూడా ఒకసారి చూసుకోండి. గలతీ 6:1 మంచిదారికి తెచ్చేవాణ్ని కూడా తన విషయమై చూసుకొమ్మంటుంది.

పోయి వచ్చాక రాయండి. అతని పేరు అక్కర్లేదు. తబలా వాయించే తమ్ముడు అని ఇప్పటికే ప్రార్థనలో పెట్టుకున్నాను.