ఎన్నేండ్లు పనిచేసిందని కాదు, భుజం ఎట్లుందని అడగండి

"బతుకులోనైనా పనిలోనైనా చాలా కాలం నిలవడమంటే అసలు అర్థమేంది?" అని అడిగిన్రు. నేను పాత నల్లగొండ జిల్లాల నేతోళ్ల ఇంట్ల పుట్టిన. పని అయిపోయినంక కూడా తన జడ తాను వేసుకునేంత ఒళ్లు మిగలాలె. నాకు తెలిసిన అర్థం అదే.

ఆగస్టు 7న చేనేత దినోత్సవం చేస్తరు గదా. ఒకసారి మా అమ్మను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పిన్రు. "ఈ తల్లి జీవితమంతా చేనేతకే అంకితం చేసింది" అని మైకుల ఒకాయన ఊదరగొడుతున్నడు. మెమెంటో ఇయ్యబోతే అమ్మ ఎడమ చెయ్యి చాపింది. "కుడిచేత్తో అందుకోమ్మా, ఫొటో తీస్తున్నరు" అని పక్కనున్నాయన కసిరిండు. అమ్మ కుడిచెయ్యి భుజం దాకా లేస్తలేదు. ఇంట్ల ఆమె జడ మా చెల్లె వేస్తది. ఆ సంగతి అక్కడ ఒక్కరన్న అడగలే.

ఆసు పోసి పోసి పోయిన భుజం అది. ఆసు అంటే, పోచంపల్లి చీరకు చిటికి కట్టేముందు, అంటే రంగు అంటకుండ దారానికి ముడులు కట్టేముందు, పేక దారాన్ని, అంటే అడ్డం నేసే దారాన్ని, అర్ధచంద్రం లెక్క కొట్టిన చీలల చుట్టూ తిప్పుడు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు పోయి రావాలె, నాలుగైదు గంటల పని. ఆలేరు దిక్కు శారాజీపేట చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ నొప్పి చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేసిండు. గంటన్నరల పని అయితది. 2017లో పద్మశ్రీ ఇచ్చిన్రు. చేనేత ఆయుష్షు పెంచింది ఆ యంత్రం, సన్మానాలు కాదు.

యంత్రమొస్తే చేనేత చచ్చిపోతదని రాసేటోళ్లు ఒక్కపూట ఆసు ముందు కూసోని చూడాలె. చేనేతను చంపుతున్నది పోచంపల్లి అని చెప్పి అమ్మే మిల్లు ప్రింటు బట్ట.

2014లో ఆసరా పింఛన్లు పెట్టినప్పుడు ముసలోళ్లకు 65 ఏండ్లు నిండాలన్నరు, నేతోళ్లకు 50 చాలన్నరు. మా ఒళ్లు పదిహేనేండ్లు ముందే అరిగిపోతదని సర్కారే ఒప్పుకున్నట్టు గదా! మా ఇంట్ల మాత్రం నేతోళ్ల సంఘం సభ్యత్వం నాన్న పేరు మీదనే ఉండె, ఆసు అమ్మ పోసింది. శాలువాలు తర్వాత కప్పుకోవచ్చు. ముందుగాల ఆసు పోసే ఆడోళ్ల పేర్లు నేత కార్మికుల లిస్టుల ఎక్కియ్యాలె, ఇంకా చేత్తోనే పోస్తున్న ఇండ్లకు యంత్రం ఇప్పియ్యాలె.