క్లినిక్ ఎప్పుడు మూయాలి?

ప్రశ్న: నా వయసు 57. విజయవాడలో సొంత క్లినిక్‌లో సైకోథెరపీ చేస్తున్నాను. అరవై దాటాక మానేయాలని ఉంది. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. కొందరు క్లయింట్లు ఏళ్ల తరబడి నా దగ్గరికే వస్తున్నారు. వాళ్లకెలా చెప్పాలో తెలియక ఏటికేడు వాయిదా వేస్తున్నాను.
– ఒక సోదరి

జవాబు: వాయిదాకు క్లయింట్ల పేరు చెబుతున్నారు గానీ, సగం కారణం డబ్బేనని నా అనుమానం. నేనూ ఈ వృత్తిలోనే తల నెరిసినదాన్ని. నాలుగు సెషన్లు తగ్గితే అద్దె ఎలా కట్టాలన్న లెక్క మనసులో ఉన్నంతకాలం, ఎదుటి మనిషికి మన అవసరం తీరిందన్న సంగతి మన కంటికి ఆనదు. కాబట్టి ముందు డబ్బు. పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతా పాతదైతే పదిహేనేళ్లు నిండాక అయిదేళ్ల చొప్పున పొడిగించుకోండి. ఇప్పుడు కొత్తగా తెరిస్తే గడువు తీరేసరికి మీకు డెబ్బై దాటుతాయి. అరవై నిండగానే పోస్టాఫీసులోని సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో రూ.30 లక్షల వరకు వేయవచ్చు. మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. ఆరోగ్య బీమా లేకపోతే మాత్రం ఈ నెలలోనే తీసుకోండి.

ఇక క్లయింట్లు. ముందు ఆఖరి తేదీ ఖాయం చేసుకోండి. దానికి ఏడాది ముందు నుంచే దీర్ఘకాలం సాగే కేసులు కొత్తగా తీసుకోవద్దు. పాతవారికి కనీసం ఆరు నెలల ముందు, సెషన్ మొదట్లోనే చెప్పండి. లేచి చెప్పులు వేసుకుంటున్న మనిషికి చెప్పే మాట కాదిది. కొందరు కోప్పడతారు. కొందరు మీరు వదిలేసేలోగా తామే వదిలేయాలని రావడం మానేస్తారు. ఆ ఆరు నెలలు ఇందుకే. ఆ కోపం గురించి కూర్చుని మాట్లాడటమూ చికిత్సే. వేరే థెరపిస్టు కావాలంటే రెండు మూడు పేర్లివ్వండి, ఎంపిక వాళ్లది. రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఫైలు పంపండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గోప్యతను హక్కుగా ఇచ్చింది.

మీరు అడగనిది ఒకటుంది. ఆ తేదీకి ముందే మీకేమైనా అయితే? క్లయింట్ల జాబితా, బీరువా తాళం ఎక్కడున్నాయో రాసి, నమ్మకమైన తోటి థెరపిస్టుకు సీలు వేసిన కవరులో ఇవ్వండి. ఇంట్లోవాళ్లకు వద్దు. ఆ జాబితాలో మీ ఆడపడుచు స్నేహితురాలు ఉండవచ్చు.

మానేశాక పెళ్లిళ్లలో ఎదురై ‘రెండు నిమిషాలు మేడమ్’ అనేవాళ్లు తప్పరు. పలకరించండి, సలహా చెప్పకండి. క్లినిక్ నంబరును కొన్నాళ్లు ఉంచి, మీరు సూచించే థెరపిస్టుల పేర్లు, అత్యవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయాలన్న మాట అందులో రికార్డు చేసి పెట్టండి.