గిటారు ముందుపలకకు టేకు పనికొస్తుందా?

మీరు అడిగినవి రెండు. ఇంట్లో ఉన్న పాత టేకు చెక్కతో గిటారు ముందుపలక చేయవచ్చా? వెనుకభాగానికి రోజ్‌వుడ్ కొనక తప్పదా? చాలా ఏళ్లుగా తీగ వాయిద్యాలు చేస్తూ, బాగుచేస్తూ ఉన్నాను కాబట్టి చేతికి తెలిసిన సంగతులు చెబుతాను. టేకును ముందుపలకకు మాత్రం వాడకండి. వెనుకపలకకు, పక్కలకు నిశ్చింతగా వాడండి.

తీగ సన్నది. తనంతట తాను గాలిని పెద్దగా కదిలించలేదు. ఆ పని ముందుపలకది. దాని మీద తీగలను ఆనించే బ్రిడ్జి నుంచి అందే కొద్దిపాటి శక్తికే అది కదలాలంటే తేలికగా ఉండాలి. ఆరు స్టీలు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతున్నా వంగిపోకుండా నిలబడాలి కూడా. ఈ రెండు గుణాలూ కలిసి ఉన్న చెక్కలు తక్కువ. చలి దేశాల్లో పెరిగే స్ప్రూస్ చెట్టు చెక్కకు అంత పేరు అందుకే వచ్చింది. ఘనమీటరుకు 400 నుంచి 450 కిలోలే తూగుతుంది, అయినా నార వెంబడి ధ్వని అందులో సెకనుకు 5,000 మీటర్లకు పైగా వేగంతో పోతుంది. టేకు 650 కిలోల దాకా తూగుతుంది. తగినంత గట్టిగా ఉండేలా మందం వదిలితే బరువెక్కి పలకదు, బరువు తగ్గేదాకా చిత్రిక పడితే తీగల లాగుడుకు ఉబ్బుతుంది. స్ప్రూస్ దొరకకపోతే సెడార్ చూడండి. మెత్తని చెక్క, గోరు తగిలినా గీత పడుతుంది గానీ, వేళ్లతో మృదువుగా మీటేవాళ్లకు వెంటనే బదులిస్తుంది.

చెట్టు పేరు కన్నా కోతనే నేను ఎక్కువ పట్టించుకుంటాను. పలక చివర చూడండి: వార్షిక వలయాల గీతలు పలక ముఖానికి నిలువుగా ఉండాలి. అలా కోసిన పలకకు అడ్డంగా కూడా బలం ఉంటుంది, తేమ మారినప్పుడు సాగడం, ముడుచుకోవడం తక్కువ. తర్వాత పనికిరాని అంచు నుంచి చిన్న ముక్కను ఉలితో చీల్చండి. చీలిక ముఖానికి సమాంతరంగా సాగితే మంచిది, ఏటవాలుగా బయటికి వచ్చేస్తే ఆ పలక ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. రంపం కోసిన ముఖాన్ని చూసి ఈ సంగతి కనిపెట్టడం కష్టం.

ఇక రోజ్‌వుడ్. స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ 1862లో వెనుకపలక, పక్కలు అట్టతో చేసి, ముందుపలక ఒక్కటే మంచి చెక్కతో పెట్టి గిటారు కట్టాడు. స్వరానికి మూలం ముందుపలకేనని చూపించడం ఆయన ఉద్దేశం. 2018లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో, వెనుక చెక్క మాత్రమే వేరుగా ఉన్న ఆరు గిటార్లను 52 మంది వాద్యకారుల చేత చూడకుండా వాయింపజేశారు. స్వరం నాణ్యతకు వాళ్లు ఇచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోజ్‌వుడ్ అందమైనది, తట్టితే గంటలా మోగుతుంది, నాకూ ఇష్టమే. కానీ 2017 నుంచి రోజ్‌వుడ్ చెట్లు చేరిన డాల్బెర్జియా ప్రజాతి మొత్తం అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి వచ్చింది. తయారైన వాయిద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు గానీ, చెక్కగా సరిహద్దు దాటించాలంటే అనుమతులు కావాలి. చేతిలో మంచి టేకు ఉండగా మీకు ఆ ఖర్చు అనవసరం.

టేకుతో ఒక జాగ్రత్త ఉంది. అందులోని సహజమైన నూనె జిగురును పట్టనివ్వదు. అతికే చోట అప్పటికప్పుడు చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి, వెంటనే జిగురు రాయండి. దానిలోని సిలికా వల్ల పనిముట్లు త్వరగా మొండిబారతాయి, తరచుగా సాన పట్టుకోండి.

ఈ లెక్క అన్ని వాయిద్యాలకూ ఒకేలా పనిచేయదు. వీణకు, మృదంగానికి పనస చెక్క వాడతారు. మృదంగంలో కదిలేది చర్మం, కాబట్టి చెక్క కదలకుండా గట్టిగా నిలవాలి. క్లారినెట్‌లో మోగేది లోపలి గాలి. దానికి నల్లని, బరువైన ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ వాడేది, ఊపిరి తేమను తట్టుకుంటూ లోపలి రంధ్రం కొలత చెడకుండా నిలబెడుతుందని.

ఏ చెక్కయినా కొలతకు దగ్గరగా కోసి, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి, మీరు పని చేసే గదిలోనే ఉంచండి. వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగాకే జిగురు డబ్బా తెరవండి.